దొంగ ఖాకీకి ఎంత శిక్ష?

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ పార్వతీపురం మన్యం జిల్లా గిరిజన గ్రామాల పర్యటనకు వచ్చినప్పుడు బందోబస్తు మధ్యలో ఒక ‘ఐపీఎస్ అధికారి’ కూడా తిరిగాడు. ఒంటి మీద యూనిఫాం ఉంది. డ్యూటీలో ఉన్న పోలీసులు కొందరు అతడితో ఫొటోలు కూడా దిగారు. పర్యటన ముగిశాక గానీ అతడు అధికారి కాడన్న అనుమానం రాలేదు. తర్వాత కేసు పెట్టి అరెస్టు చేశారు. అంతకు ముందు ఏడాది మార్చిలో శ్రీనగర్‌లో ఒక గుజరాత్ వాసి పట్టుబడ్డాడు. ప్రధానమంత్రి కార్యాలయంలో అదనపు డైరెక్టరునని చెప్పుకుని అతడు సాయుధ రక్షణతో, బుల్లెట్ ప్రూఫ్ వాహనంలో కాశ్మీర్ లోయ అంతా తిరిగాడు. ఈ రెండు ఉదంతాల్లోనూ ముందు మోసపోయింది అమాయక జనం కాదు, భద్రతా యంత్రాంగమే. అందుకే నకిలీ అధికారుల సమస్యను ‘శిక్ష చాలడం లేదు’ అన్న ఒక్క మాటతో తేల్చేయలేం. మన చట్టంలో శిక్షలు ఏమంత తక్కువగా లేవు. వాటిని సరైన చోట వాడడం, కేసును తీర్పు దాకా నడపడం, అసలు అధికారి తానెవరో రుజువు చేసుకోవడాన్ని తప్పనిసరి చేయడం, ఈ మూడూ కుంటుతున్నాయి. మూడింటిలో చివరిదే అన్నింటికన్నా ముఖ్యమని ఈ వ్యాసం వాదన.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ నేరానికి మూడు మెట్లు కనిపిస్తాయి. మొదటి మెట్టు వేషం. ప్రభుత్వ ఉద్యోగి కాకపోయినా ఆ ఉద్యోగి దుస్తులు గానీ గుర్తు గానీ ధరించి, జనం తనను ఆ ఉద్యోగి అని నమ్మాలన్న ఉద్దేశంతో తిరిగితే 205వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండో మెట్టు పెత్తనం. లేని హోదా ఉన్నట్టు నటించి ఆ హోదా పేరుతో ఏదైనా పని చేసినా, చేయబోయినా 204వ సెక్షన్ వర్తిస్తుంది. దీనికి కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు, దానితో పాటు జరిమానా. మూడో మెట్టు ఆ పెత్తనం వల్ల జరిగే నష్టం. మరొకరిలా నటించి మోసం చేస్తే 319వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా, మోసగించి సొమ్ము రాబడితే 318 కింద ఏడేళ్ల దాకా, బెదిరించి వసూలు చేస్తే 308 కింద ఏడేళ్ల దాకా, దోపిడీ అయితే 309 కింద పదేళ్ల దాకా శిక్ష పడుతుంది. అదే దోపిడీ రాత్రిపూట హైవే మీద జరిగితే పధ్నాలుగేళ్ల వరకూ వెళ్తుంది. నలుగురు కలిసి ‘పోలీసులం’ అంటూ బంగారం వ్యాపారి కారు ఆపి సంచి లాక్కుపోతే ఛార్జిషీటులో బరువైన సెక్షన్ దోపిడీదే తప్ప వేషానిది కాదు.

ఈ మెట్ల వరుస 1860 నాటి భారత శిక్షాస్మృతి నుంచి వచ్చిందే. అప్పట్లో 170వ సెక్షన్ కింద పెత్తనానికి గరిష్ఠ శిక్ష రెండేళ్లు, కనీస శిక్ష ఏమీ లేదు. 171 కింద వేషానికి జరిమానా రెండు వందల రూపాయలు. 1860లో రెండు వందలంటే పెద్ద మొత్తమే. నూటరవై ఏళ్లు దాటినా ఆ అంకె కదలకపోవడంతో చివరికి అది శిక్ష కాదు, చిల్లర ఖర్చు అయింది. కొత్త చట్టం దాన్ని అయిదు వేలకు పెంచడం సబబే. పెత్తనానికి గరిష్ఠ శిక్షను మూడేళ్లకు పెంచడమూ సబబే. అయితే ఆరు నెలల కనీస శిక్ష పెట్టడం మీద రెండు మాటలు చెప్పుకోవాలి. టోల్ గేటు దగ్గర ‘నేను ఎస్సైని’ అని దబాయించి డబ్బు కట్టకుండా వెళ్లిపోయిన కుర్రవాడూ, నకిలీ సీబీఐ ఆఫీసు నడిపిన ముఠా నాయకుడూ ఒకే సెక్షన్ కిందికి వస్తారు. మొదటివాడికి ఆరు నెలలు ఎక్కువ, రెండోవాడికి మూడేళ్లు తక్కువ. కనీస శిక్ష కత్తిలా వేలాడుతుంటే చిన్న కేసుల్లో పోలీసులు ఆ సెక్షన్ పెట్టడానికే వెనకాడే ప్రమాదం ఉంది. పెద్ద కేసుల్లో ఎలాగూ పై మెట్టు సెక్షన్లు ఉన్నాయి. అంటే కఠినంగా కనిపించే ఈ మార్పుతో నిజంగా ఇబ్బంది పడేది అడుగున ఉన్న చిన్న నేరస్థుడే.

ఈ కోవలోనే సైనికుల వేషం, ప్రైవేటు సెక్యూరిటీ గార్డుల సంగతీ ఉన్నాయి. సైనికుడు కానివాడు సైనికుడిలా నమ్మించడానికి ఆ దుస్తులు వేసుకుంటే 168వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే వేషంతో నిషిద్ధ ప్రదేశంలోకి చొరబడాలని చూస్తే 1923 నాటి అధికార రహస్యాల చట్టం రంగంలోకి వస్తుంది, శిక్ష మూడేళ్ల దాకా పెరుగుతుంది. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణకు 2005లో వచ్చిన చట్టం మరో అడుగు ముందుకు వేసింది. గార్డు గానీ సూపర్‌వైజర్ గానీ పోలీసు, సైనిక యూనిఫాంను పోలిన దుస్తులు వేసుకుంటే అతడితో పాటు ఏజెన్సీ యజమాని కూడా ఏడాది దాకా జైలుకు గానీ, అయిదు వేల దాకా జరిమానాకు గానీ, రెండింటికీ గానీ బాధ్యుడని 21వ సెక్షన్ చెబుతుంది. వేషం వేసినవాడినే కాదు, వేయించినవాడినీ పట్టుకోవడం ఇందులోని తెలివి. షాపింగ్ మాళ్ల ముందు, గేటెడ్ కాలనీల దగ్గర, ఏటీఎంల దగ్గర ఖాకీని పోలిన రంగు దుస్తులు, భుజం పట్టీలు మనకు నిత్యం కనిపిస్తూనే ఉంటాయి. ఆ సెక్షన్ కింద ఫలానా యజమానికి శిక్ష పడిందన్న వార్త మాత్రం అరుదు.

వేషం వేసిన ప్రతివాడూ నేరస్థుడు కాడన్నది కూడా గుర్తుంచుకోవాలి. నాటకంలో ఇన్‌స్పెక్టర్ పాత్రధారి, పాఠశాల ఫ్యాన్సీ డ్రెస్ పోటీలో ఖాకీ వేసుకున్న పిల్లవాడు ఎవరినీ నమ్మించాలనుకోరు. అందుకే చట్టం ఉద్దేశాన్ని అడుగుతుంది. అమెరికా సుప్రీంకోర్టు 2012లో ఈ గీతను ఇంకా స్పష్టంగా గీసింది. తనకు సైనిక పతకం వచ్చిందని ఒక సభలో అబద్ధం చెప్పిన వ్యక్తిని శిక్షించే చట్టం వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని కొట్టేసింది. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్ ఆ చట్టాన్ని తిరగరాసి, అబద్ధంతో డబ్బు గానీ ఆస్తి గానీ మరో లాభం గానీ పొందాలని చూస్తేనే నేరమని తేల్చింది. మన 204వ సెక్షన్ కూడా ఆ దారిలోనే ఉంది. ఉత్త గొప్పలకు కాదు, లేని హోదాతో చేసిన పనికే శిక్ష. ఈ మౌలిక నిర్మాణాన్ని చెదరగొట్టకుండానే మిగతా లోటుపాట్లు సరిచేయవచ్చు.

ఇక నకిలీ అధికారులు నిజంగా చేసే పనులు చూస్తే వాటన్నిటికీ ఒకే ఆధారం కనిపిస్తుంది. ఒంటరిగా నడిచి వెళ్తున్న పెద్దావిడను ఆపి, ‘అమ్మా, ముందు వీధిలో దొంగతనం జరిగింది, మేం పోలీసులం, గొలుసు తీసి కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకోండి’ అని సాయం చేస్తున్నట్టు నటించి, పొట్లం మార్చేసి రాళ్లు చేతిలో పెట్టడం మన పట్టణాల్లో పాత మోసం. 1987 మార్చిలో బొంబాయి ఆపెరా హౌస్ దగ్గరి నగల దుకాణం మీద జరిగిన నకిలీ సీబీఐ దాడి ఇదే పద్ధతికి పెద్ద రూపం. ఆ సూత్రధారి పత్రికలో ఉద్యోగ ప్రకటన ఇచ్చి, హోటల్లో ఇంటర్వ్యూలు పెట్టి ఇరవై ఆరు మందిని ఎంచుకున్నాడు. నిజంగానే సీబీఐ సోదాకు వెళ్తున్నామని వాళ్లు కూడా నమ్మారు. సరుకుతో ఉడాయించిన ఆ మనిషి ఇప్పటికీ దొరకలేదు. 2013లో వచ్చిన హిందీ చిత్రం ‘స్పెషల్ 26’కు మూలం ఆ ఉదంతమే. 2022లో బిహార్‌లోని బాంకా పట్టణంలో ఒక గెస్ట్ హౌస్‌లో ఏకంగా నకిలీ పోలీస్ స్టేషనే బయటపడింది. అది ఎనిమిది నెలలు నడిచింది. 2025 ఆగస్టులో నోయిడాలో అంతర్జాతీయ పోలీసు సంస్థ పేరిట బోర్డు పెట్టిన ఆఫీసు మీద దాడి చేసి ఆరుగురిని అరెస్టు చేశారు. గొలుసు మోసం నుంచి నకిలీ స్టేషన్ దాకా ఎక్కడా తుపాకీ పని చేయలేదు. పోలీసు అన్నవాణ్ణి ప్రశ్నించకూడదన్న అలవాటే పని చేసింది.

ఆ అలవాటు ఫోన్లోకి చేరడంతో నష్టం లెక్కలే మారిపోయాయి. పార్లమెంటుకు కేంద్ర హోం శాఖ ఇచ్చిన సమాచారం ప్రకారం డిజిటల్ అరెస్టు, దానికి సంబంధించిన సైబర్ నేరాల ఫిర్యాదులు 2022లో 39,925. అవి 2024లో 1,23,672కు చేరాయి. పోయిన సొమ్ము అదే కాలంలో 91 కోట్ల నుంచి 1,935 కోట్లకు ఎగబాకింది. ఫిర్యాదులు మూడు రెట్లయితే డబ్బు ఇరవై రెట్లు దాటిందన్న మాట. ఒక్కొక్కరి దగ్గర గుంజే మొత్తం ఎంత పెరిగిందో ఈ తేడానే చెబుతుంది. పద్ధతి అందరికీ తెలిసిందే. ‘మీ పేరున వచ్చిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి’ అని ఒకడు మొదలుపెడతాడు, వీడియో కాల్‌లోకి ఖాకీ యూనిఫాంతో మరొకడు వస్తాడు, వెనక గోడ మీద శాఖ చిహ్నం ఉంటుంది, తర్వాత నకిలీ కోర్టు కాగితం వస్తుంది, కెమెరా ఆపకూడదన్న ఆజ్ఞ వస్తుంది, చివరికి ‘పరిశీలన కోసం’ డబ్బు బదిలీ చేయమంటారు. 2024లో లూధియానాకు చెందిన ఓ ప్రముఖ జౌళి పరిశ్రమాధిపతి ముందు సుప్రీంకోర్టు విచారణనే నకిలీగా నడిపి ఏడు కోట్లు లాగేశారు. హరియాణాలోని అంబాలాలో వృద్ధ దంపతులను సుప్రీంకోర్టు నకిలీ ఉత్తర్వులతో దోచుకున్న ఉదంతం మీద 2025 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానం తనంతట తానే కేసు చేపట్టింది. డిసెంబరులో ఈ నేరాల దర్యాప్తును ప్రాధాన్యంతో చేపట్టమని సీబీఐని ఆదేశించింది.

ఇక్కడే సెక్షన్ల ఎంపిక ఎంత ముఖ్యమో తెలుస్తుంది. కంప్యూటర్ గానీ ఫోన్ గానీ వాడి మరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఈ నేరం పేరు వినగానే ముందు గుర్తొచ్చే సెక్షన్ అదే. కానీ అది బెయిలబుల్. కోట్లు పోయిన కేసులో ఈ ఒక్క సెక్షన్‌తో సరిపెడితే నిందితుడికి బెయిలు హక్కుగా దక్కుతుంది. న్యాయ సంహిత 204వ సెక్షన్ అలా కాదు, నాన్ బెయిలబుల్. తెర మీద కూర్చుని దర్యాప్తు అధికారిగా ఉత్తర్వులు ఇవ్వడం కూడా ‘హోదా పేరుతో చేసిన పనే’ కనుక అది ఇక్కడ వర్తిస్తుంది. ఇంకా పెద్ద శిక్ష 308లో ఉంది. మరణశిక్ష, యావజ్జీవం లేదా పదేళ్ల జైలు పడే నేరం మోపుతామని భయపెట్టి వసూలు చేస్తే పదేళ్ల దాకా శిక్ష. పెద్ద మొత్తం మాదక ద్రవ్యాల కేసు అలాంటి నేరమే. అంటే ‘పార్సిల్‌లో డ్రగ్స్’ అన్న మాట నిందితుడి మెడకే చుట్టుకోగలదు. నకిలీ ఉత్తర్వులకు ఫోర్జరీ సెక్షన్లు, ముఠాగా పదే పదే చేస్తే వ్యవస్థీకృత నేరాల 111వ సెక్షన్ కూడా ఉన్నాయి. చట్టం చేతిలో ఆయుధాలు లేవన్న వాదన ఈ వరుస ముందు నిలవదు.

తీర్పులు కూడా అదే రుజువు చేస్తున్నాయి. 2025 జులైలో పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణి కోర్టు ఒక డిజిటల్ అరెస్టు కేసులో తొమ్మిది మందికి యావజ్జీవ శిక్ష విధించింది. అదే నెలలో లక్నో కోర్టు, సీబీఐ అధికారినని ఒక వైద్యురాలిని బెదిరించి 85 లక్షలు గుంజినవాడికి ఏడేళ్లు వేసింది. ఈ రెండు కేసుల్లోనూ శిక్ష బరువు కొత్త చట్టం తెచ్చినందువల్ల రాలేదు. బ్యాంకు ఖాతాల జాడ పట్టుకుని, సాక్ష్యాలు పేర్చి, త్వరగా ఛార్జిషీటు వేసి, ఏడాది అటూ ఇటూగా విచారణ ముగించడం వల్ల వచ్చింది. శిక్ష ఎంత క్రూరమన్నది కాదు, ఎంత తప్పనిసరి అన్నదే నేరాన్ని ఆపుతుందని ఇటలీ న్యాయతత్వవేత్త బెక్కారియా 1764లోనే రాశాడు. లక్షకు పైగా ఫిర్యాదుల పక్కన ఈ రెండు తీర్పులు వేళ్ల మీద లెక్కపెట్టేవే. అసలు లోటు ఎక్కడుందో ఆ నిష్పత్తే చెబుతోంది.

‘అయినా శిక్ష పదేళ్లు చేస్తే భయం పుడుతుంది కదా’ అన్న అభ్యంతరం తరచూ వినిపిస్తుంది. దీనికి జవాబు ఇతర దేశాల అనుభవంలో ఉంది. ఇంగ్లండ్‌లో మోసగించే ఉద్దేశంతో పోలీసుగా నటిస్తే 1996 నాటి పోలీస్ చట్టం 90వ సెక్షన్ కింద గరిష్ఠంగా ఆరు నెలల జైలు మాత్రమే. అమెరికాలో ఫెడరల్ అధికారిగా నటిస్తే మూడేళ్లు. కెనడాలో అయిదేళ్లు. కానీ 2020 ఏప్రిల్‌లో కెనడాలోని నోవా స్కోషియాలో ఒకడు పోలీసు దుస్తులు వేసుకుని, పోలీసు కారును అచ్చంగా పోలిన కారులో తిరిగి 22 మందిని చంపాడు. 2025 జూన్‌లో అమెరికాలోని మిన్నెసోటాలో పోలీసు వేషంలో ఇళ్ల తలుపులు తట్టి ఒక చట్టసభ సభ్యురాలినీ ఆమె భర్తనూ కాల్చి చంపారు, మరో సభ్యుడూ ఆయన భార్యా గాయపడ్డారు. 2011లో నార్వేలోని ఉటోయా దీవిలో 69 మందిని చంపినవాడూ పోలీసు దుస్తుల్లోనే వచ్చాడు. హత్యకు సిద్ధపడ్డవాడు వేషానికి పడే శిక్షను లెక్కపెట్టడు, అది మూడు నెలలైనా పదేళ్లైనా. సొమ్ము కోసం వేషం వేసేవాడు మాత్రం లెక్కపెడతాడు. అయితే అతడు చూసుకునేది ‘ఎన్నేళ్లు పడుతుంది’ అని కాదు, ‘దొరుకుతానా’ అని.

నోవా స్కోషియా ఘోరం తర్వాత కెనడా చేసిన పని ఇందుకే గమనించదగ్గది. హంతకుడి చేతికి పోలీసు శాఖ వేలంలో అమ్మేసిన పాత కార్లు చేరాయి. దాంతో అలాంటి వాహనాల అమ్మకాన్ని నిలిపివేశారు. పోలీసు దుస్తులు, చిహ్నాలు, వాహనాల గుర్తులు ఎవరి దగ్గర ఉండవచ్చో నియంత్రించే ప్రత్యేక చట్టాన్ని ఆ రాష్ట్రం తెచ్చింది. శిక్షను పొడిగించే బదులు సరుకును కట్టడి చేశారన్న మాట. మన సైన్యం కూడా 2022లో వచ్చిన కొత్త పోరాట దుస్తుల డిజైన్‌ను తన పేర రిజిస్టర్ చేయించుకుంది, బయటి దుకాణాల్లో అమ్మకుండా చూసుకునే వీలు దాంతో కలిగింది. పోలీసు యూనిఫాం విషయంలో మనకు అలాంటి జాగ్రత్త లేదు. న్యాయ సంహిత వేసుకున్నవాణ్ణి శిక్షిస్తుంది, అమ్మినవాడి కోసం ప్రత్యేకంగా ఒక్క సెక్షన్ కూడా పెట్టలేదు. టోపీ, బెల్టు, భుజం నక్షత్రాలు, పేరు పలక దొరకడం కష్టమేమీ కాదు. సొంత కార్ల మీద ‘పోలీస్’ స్టిక్కర్లు అంటించుకు తిరగడం మన ఊళ్లలో మామూలైపోయింది. ఫోన్ నేరాల్లో యూనిఫాం స్థానం సిమ్ కార్డుది. మోసంతో సిమ్ సంపాదిస్తే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం మూడేళ్ల దాకా జైలు, లేదా యాభై లక్షల దాకా జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. సరుకు దగ్గర పట్టుకోవడమంటే ఇదే.

ఇంతకన్నా లోతైన సంగతి ఒకటుంది. నకిలీ అధికారికి బలం అసలు అధికారి అలవాట్ల నుంచి వస్తుంది. అరెస్టు చేసే, ప్రశ్నించే పోలీసు స్పష్టంగా కనిపించే పేరు, హోదా పలక పెట్టుకోవాలని, అరెస్టు పత్రం రాసి కుటుంబ సభ్యుడి చేత గానీ స్థానిక పెద్దమనిషి చేత గానీ సంతకం చేయించాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే ఆదేశించింది. అది తర్వాత చట్టంలోకి చేరి ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 36వ సెక్షన్‌గా ఉంది. హాజరు కావాలని పోలీసులు 35వ సెక్షన్ కింద ఇచ్చే నోటీసు వాట్సాప్ ద్వారా చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. ఫోన్లో అరెస్టు చేయడమన్నది మన చట్టంలో ఎక్కడా లేదు. ఈ నియమాలు పూర్తిగా పాటించే సమాజంలో నకిలీ పోలీసు మొదటి నిమిషంలోనే దొరికిపోతాడు. కానీ మఫ్టీలో వచ్చి కార్డు చూపకుండా జీపెక్కమనడం, పేరు పలక లేకుండా లాఠీ పట్టుకోవడం, ‘సార్, మీ కార్డు’ అని అడిగినవాడి మీద విరుచుకుపడడం అసలు పోలీసులే చేస్తుంటే, జనానికి తేడా ఎలా తెలుస్తుంది? మర్యాదగా అడిగితే తప్పు చేసినట్టు చూసే చోట అడగనివాడే తెలివైనవాడు అనిపించుకుంటాడు. ఆ మౌనాన్నే దొంగ ఖాకీ సొమ్ము చేసుకుంటాడు.

అసలు అధికారే అధికారాన్ని దుర్వినియోగం చేస్తే నకిలీ నేరాల చట్టం ఏమీ చేయలేదని 2021 మార్చిలో లండన్ కూడా చూసింది. విధుల్లో లేని ఒక పోలీసు తన నిజమైన గుర్తింపు కార్డు చూపి, సంకెళ్లు వేసి సారా ఎవరార్డ్ అనే యువతిని అరెస్టు చేస్తున్నట్టు నటించి, అపహరించి చంపాడు. అతడికి జీవితాంతం జైలు శిక్ష పడింది. ఆ తర్వాత లండన్ పోలీసులు ఒక పద్ధతి తెచ్చారు. ఒంటరిగా ఉన్న మఫ్టీ అధికారి ఎవరినైనా ఆపితే, కంట్రోల్ రూంలో యూనిఫాంలో ఉన్న అధికారితో వీడియో కాల్ చేయించి తన గుర్తింపు ధ్రువీకరించుకునే వీలు ఇవ్వాలి. అంటే కార్డు చూపడం కూడా చాలదని, పౌరుడు మరో దారిలో సరిచూసుకోగలగాలని అక్కడ ఒప్పుకున్నారు.

దీనికి పోలీసు శాఖ వైపు నుంచి వచ్చే అభ్యంతరం న్యాయమైనదే. ప్రతివాడూ కార్డు అడిగి, స్టేషన్‌కు ఫోన్ చేసి సరిచూసుకుంటానంటే నిందితుడు పారిపోతాడు, రహస్య దర్యాప్తు బయటపడుతుంది, పని నడవదు అంటారు. అయితే రహస్యంగా నిఘా వేసే అధికారికీ, ఎదురుగా నిలబడి ఒక మనిషిని ఆపే అధికారికీ తేడా ఉంది. నిఘాలో ఉన్నవాడు ఎవరినీ ఏమీ ఆజ్ఞాపించడు కనుక ఎవరికీ కార్డు చూపనక్కర్లేదు. ‘నాతో రా’ అన్న క్షణంలోనే అతడు చట్టం పేరు మీద మాట్లాడుతున్నాడు, ఆ పేరు రుజువు చేసే బాధ్యత అప్పుడే మొదలవుతుంది. ప్రాణాపాయం, పరుగెత్తుతున్న నిందితుడు లాంటి అత్యవసరాల్లో రుజువు తర్వాత చూపినా తప్పు లేదు. కానీ నగలు విప్పమనడం, డబ్బు బదిలీ చేయమనడం, స్టేషన్‌కు రమ్మనడం ఎన్నడూ అత్యవసరాలు కావు. అసలు అధికారికి రెండు నిమిషాల ఆలస్యం వల్ల పోయేది చాలా తక్కువ. నకిలీవాడి గుట్టు బయటపడడానికి మాత్రం ఆ రెండు నిమిషాలు చాలు.

‘చదువుకున్నవాళ్లు కూడా ఇంత సులువుగా మోసపోతే చట్టం ఏం చేస్తుంది’ అన్నది మరో మాట. డాక్టర్లు, రిటైర్డ్ ఉద్యోగులు, పారిశ్రామికవేత్తలు మోసపోయారంటే లోపం తెలివిలో లేదన్న మాట. చదువుకున్నవాడికి పరువు భయం ఎక్కువ, కేసు అన్న మాట వింటేనే బిక్కచచ్చిపోతాడు. అతడిని తప్పుపట్టడం వల్ల ఒక్క ఫిర్యాదు కూడా పెరగదు, తగ్గే ప్రమాదమే ఉంది. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే డబ్బు ఆగే అవకాశం ఉన్న ఈ నేరంలో సిగ్గుతో ఆలస్యం చేయడమే అతి పెద్ద నష్టం. రెండో వైపు, మోసపు ఫోన్లు చేసేవాళ్లందరూ ఒకే రకం నేరస్థులు కారన్నది కూడా శిక్ష నిర్ణయంలో గుర్తుండాలి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన వ్యవహారంలో డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి ఉత్తరాంధ్ర యువకులను ఏజెంట్లు కంబోడియాకు పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాలు చేయించారు. తప్పించుకునే దారి లేక ఫోన్ పట్టుకున్నవాడినీ, అతణ్ణి అమ్మిన ఏజెంటునూ, లాభం లెక్కించుకున్న యజమానినీ ఒకే తక్కెడలో తూచకూడదు. కనీస శిక్షను గుడ్డిగా పెంచుకుంటూ పోతే ఈ తేడా చూపే వీలు న్యాయమూర్తి చేతిలోంచి జారిపోతుంది.

కాబట్టి మార్చవలసింది ఏమిటన్నది తేటతెల్లమే. వేషానికి మూడు నెలలు, పెత్తనానికి మూడేళ్లు, నష్టానికి అయిదేళ్ల నుంచి యావజ్జీవం దాకా అన్న మెట్ల వరుస సరైనదే, దాన్ని పెంచనక్కర్లేదు. ఆరు నెలల కనీస శిక్షను తొలిసారి చేసిన, నష్టం లేని కేసులకు సడలించాలి. నకిలీ అధికారి కేసుల్లో ఎఫ్ఐఆర్ రాసేటప్పుడే 204, 308, ఫోర్జరీ సెక్షన్లు కూడా పెట్టాలని, ఒక్క 66డితో వదిలేయకూడదని రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు శాఖలు స్టేషన్లకు ఉత్తర్వులు ఇవ్వాలి. యూనిఫాం, చిహ్నాలు అమ్మే దుకాణాలు శాఖ గుర్తింపు చూసి, రిజిస్టరులో రాసుకున్నాకే అమ్మాలన్న నిబంధన తేవాలి. గార్డుల చేత ఖాకీని పోలిన దుస్తులు వేయించే ఏజెన్సీల మీద 2005 చట్టాన్ని ఒక్కసారైనా గట్టిగా వాడాలి. అన్నిటికన్నా ముందు, గుర్తింపు అడిగిన పౌరుడికి అసలు అధికారి కార్డు చూపడాన్ని మర్యాదగా కాక విధిగా మార్చి, చూపనివాడి మీద శాఖాపరమైన చర్య తప్పనిసరి చేయాలి. పేరు పలక లేని ప్రతి అసలు పోలీసూ ఒక నకిలీ పోలీసుకు దారి తెరుస్తున్నాడు. పాఠకుడు చేయగలిగింది కూడా ఒకటుంది. ఎవరైనా పోలీసునంటే పేరు, హోదా, స్టేషన్ అడిగి, ఆ స్టేషన్‌కు స్వయంగా ఫోన్ చేసి కనుక్కోండి. అలా అడగడం తప్పు కాదు, నిజమైన అధికారికి అందులో చిన్నతనం ఏమీ లేదు.